కాటా దగ్గర వదిలిన పార్సిలు

మా సందులో ఇళ్ళకి నంబర్లు ఉన్నాయి గానీ అవి వరసలో లేవు. ఎనిమిది పక్కన ఇరవై మూడు ఉంటుంది, దాని పక్కన పద్నాలుగు బై ఏ. ఇంటిపన్ను వాళ్ళు ఒక విడతలో ఒకటి రాశారు, తర్వాతి విడతలో ఇంకొకటి రాశారు, పాతది ఎవరూ కొట్టేయలేదు. అందుకని తిరువూరులో మా వైపు ఎవరు ఏం తెప్పించుకున్నా పేరు రాసి, కింద ‘కాటా ఎదురుగా’ అని రాస్తారు. కాటా అంటే లారీలు తూచే వేబ్రిడ్జి. ఫోనులో మ్యాపుకి కూడా ఆ రోడ్డు మీద తెలిసిన చోటు అదొక్కటే.

ఆ కాటా గదిలో నేను పని చేస్తాను. లారీ ఎక్కుతుంది, తెర మీద అంకె కుదురుకునేదాకా ఆగుతాను, చీటీ తీసి ఇస్తాను. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే సరుకు. ఏడో తరగతితో బడి మానేశాను. పత్తి కొట్టుకి కూలికి వెళ్ళిన రోజుల్లో అక్కడి గుమాస్తా పైకి అంటూ గుణించేవాడు, పత్తి ఏరుతూ వింటూ నేర్చుకున్నాను. వడ్డీ, తరుగు, తేమ శాతం, ఎకరానికి సెంట్లు, అన్నీ అలా పట్టుబడ్డవే. అంకె కనిపిస్తే చదవకుండా ఉండలేను. బస్సు వెనకాల నంబరు కూడా కూడేస్తాను. ఆ అలవాటు మీద నాకే అసహ్యం పుట్టిన రోజు గురించి చెబుతున్నాను.

పార్సిళ్ళు తెచ్చే అతన్ని అందరూ కొరియరబ్బాయి అంటారు గానీ అతనికి మీసాలు నెరిశాయి. మా సందులో తిరిగి తిరిగి విసుగెత్తి, డబ్బు ముందే కట్టేసిన పార్సిళ్ళన్నీ కాటా గదిలో పెట్టి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎవరికీ అభ్యంతరం లేదు. మా ఓనరు గారికి అది గొప్పగా కూడా ఉండేది. ఆయనకి వినగడప వైపు మామిడి తోటలున్నాయి. మధ్యాహ్నం భోజనం చేసి కాటా గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆయన పక్కన తోటల బేరాలు కుదిర్చే దళారి ఒకాయన ఉంటాడు. పిందె దశలో తోటలో ఒక చుట్టు తిరిగి, ఎన్ని టన్నులు దిగుతాయో చెప్పేస్తాడు. పెద్దగా తప్పడు. అది ఆయన తిండి.

అలాంటి మనుషుల ముందు మూసిన పెట్టెలు పెడితే చేతులు ఊరుకోవు. పార్సిలు ఎత్తి, అరచేతిలో ఆడించి, ఇన్ని గ్రాములని చెప్పేవాళ్ళు. లేబులు మీద బరువు అచ్చయి ఉంటుంది, నేను చదివేదాన్ని. ఎక్కువ తప్పినవాడు టీ పోయించాలి. అంతవరకూ దానిలో తప్పేమీ లేదు, ఇప్పుడు ఆలోచించినా లేదు. అయితే కొన్ని లేబుళ్ళ మీద బరువు ఉండదు. అప్పుడు లోపల ఏముందో పందెం వేసేవాళ్ళు. పార్సిలు తాలూకు మనిషి రాగానే, “ఏం తెప్పించావేంటి?” అని అడిగేవాళ్ళు. చెప్పులనో, కుక్కరు రబ్బరనో వాళ్ళు నవ్వుతూ చెప్పేవాళ్ళు. కొందరు అక్కడే విప్పి చూపించేవాళ్ళు. అలా అలవాటైంది. అడిగితే చెప్పాల్సిందే అన్నట్టు అయింది.

కాటాకి ఎదురుగా ఇడ్లీ బండి పెట్టే ఆవిడ ఉంది. నాకన్నా పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. భర్త విస్సన్నపేట రోడ్డులో షేర్ ఆటో నడుపుతాడు. ఓనరు గారూ దళారీ పొద్దున్నే వచ్చి ఆవిడ బండి దగ్గరే తింటారు. కిందటేడు వానాకాలంలో ఆవిడ బండి మూసేసి విజయవాడ వెళ్ళింది. పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ అని చెప్పారు. చాలా నెలలకి గానీ మళ్ళీ పొయ్యి వెలిగించలేదు. వచ్చినప్పుడు నెత్తి మీద జుట్టు లేదు, చున్నీ చుట్టుకుని ఉంది. తిరుపతిలో ఇచ్చానంది. చీర మీద భర్త చొక్కా వేసుకుని పని చేసేది, ఎండాకాలంలో కూడా. పొయ్యి దగ్గర పని చేసే ఆడవాళ్ళు చొక్కా వేసుకోవడం మామూలే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. రాళ్ళ ఆపరేషన్‌కి పట్టే రోజులకీ ఆవిడ రాని రోజులకీ తేడా నాకు కనిపించింది. అడగలేదు. చెప్పాలనుకుంటే తనే చెప్తుంది.

మామిడి కోతలు జోరుగా ఉన్న రోజు మధ్యాహ్నం ఆవిడ పేరు మీద పార్సిలు వచ్చింది. ఫోను చేస్తే ఎత్తలేదని కొరియరబ్బాయి గదిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ వేళప్పుడు మరకి వెళ్తుంది, రవ్వ పట్టించడానికి.

దళారి పార్సిలు ఎత్తాడు. ఆడించాడు. మళ్ళీ ఆడించాడు.

“ఇదేదో వెరైటీగా ఉందన్నయ్యా. బరువంతా ఒక పక్కకి జారుతోంది.”

ఓనరు గారు తీసుకుని చూశారు. “కాపడం పెట్టుకునే నీళ్ళ సంచి. టీ పందెం.”

“నీళ్ళయితే గలగలమంటాయి. ఇది జున్నుముక్కలా ఉంది. అమ్మాయ్, లేబులు మీద ఏముందో చదువు.”

“బరువు లేదండి. కంపెనీ పేరే ఉంది,” అన్నాను.

“అయితే విప్పుదాం. పందెం తేలొద్దూ?”

“ఆవిడది కదండీ. ఆవిడొచ్చాక అడగండి.”

“మన ఇడ్లీల అమ్మాయేగా, పరాయిదా? చూసి మళ్ళీ టేపేద్దాం.”

‘మన’ అనే ఆ మాట నాకు అప్పుడే కంపరంగా తోచింది. ఆవిడకి గ్యాసు బండ అయిపోయిన రోజు వీళ్ళెవరూ మన అనలేదు. మా చిన్నప్పుడు పోస్టుకార్డు వస్తే దారిలో ఉన్న నలుగురూ చదివేవాళ్ళు, చదివి మరీ తెచ్చి ఇచ్చేవాళ్ళు. కార్డు అంటే అంతే అని రాసేవాళ్ళకీ తెలుసు. అదే నీలం రంగు ఇన్‌లాండ్ కవరు అయితే, అంటించిన అంచుని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. మా నాయనమ్మకి చదువు రాదు, అయినా కవరు చింపడం తన చేత్తోనే చింపి, ఆ తర్వాతే చదవమని ఇచ్చేది. అంటించి ఉందంటే విప్పవద్దని చెప్పినట్టే. అది తెలుసుకోవడానికి నాయనమ్మకి అక్షరాలు అక్కర్లేకపోయింది.

“వద్దండీ, బాగోదు,” అని మళ్ళీ గట్టిగా అన్నాను. అంతలో మొక్కజొన్న లారీ కాటా ఎక్కింది. డ్రైవరు హారను కొట్టాడు. నేను తెర వైపు తిరిగి అంకె కుదురుకునేదాకా చూశాను. ఇటు తిరిగేసరికి టేపు తెగి ఉంది. మచ్చు కాయలు కోసి చూసే చాకుతో దళారి కోశాడు.

లోపల ఒక డబ్బా, డబ్బాలో పల్చటి గుడ్డ సంచి. సంచిలోంచి దళారి తీసింది మనిషి చర్మం రంగులో ఉంది. ఒక వైపు గుండ్రంగా ఉంది, ఇంకో వైపు లోపలికి వంగి ఉంది. ఒకటే ఉంది. అదేంటో వాళ్ళకి వెంటనే తెలియలేదు. దళారి దాన్ని అరచేతిలో పెట్టుకుని, పండిందో లేదో చూడటానికి మామిడికాయని బొటనవేలితో నొక్కినట్టు నొక్కాడు. ఓనరు గారు డబ్బాలో ఉన్న కాగితం విప్పారు. దాని మీద బొమ్మలు ఉన్నాయి. చదవక్కర్లేని బొమ్మలు.

ఓనరు గారు కాగితం మడిచారు. ఇక లోపల పెట్టేస్తారనుకున్నాను.

దళారి నవ్వాడు. “ఓరి నాయనో! అందుకా చొక్కా!”

“ఊరుకోవయ్యా,” అన్నారు ఓనరు గారు. అన్నారు గానీ ఆయన పెదాలు కూడా ఆగలేదు.

తేమ చూడటానికి తెచ్చే మొక్కజొన్న గింజలు తూచే చిన్న కాటా ఒకటి నా బల్ల మీద ఉంటుంది. దళారి ఆ వస్తువుని తీసుకెళ్ళి దాని పళ్ళెంలో పెట్టాడు. “వస్తువు సంగతి తప్పింది గానీ, బరువు మాత్రం ఎత్తినప్పుడే మనసులో అనుకున్నా, అది తప్పదు. చూడమ్మాయ్ ఎంతుందో.”

నేను చూశాను. చూడకూడదని అనుకునేలోపే కళ్ళు చదివేశాయి. ఆ అంకె ఇక్కడ రాయను.

లారీ డ్రైవరు చీటీ కోసం లోపలికి వచ్చాడు. “ఏంటి సార్ అది, పిల్లల బొమ్మా?” అన్నాడు. దళారి చెప్పలేదు, తన గుండెల మీద చెయ్యి పెట్టి చూపించాడు. డ్రైవరు ఆ పళ్ళెం వైపూ, నా వైపూ చూసి, చీటీ తీసుకోకుండానే బయటికి వెళ్ళిపోయాడు. ఇంజను స్టార్టు చేశాక నేనే పరుగెత్తి చీటీ ఇచ్చి వచ్చాను.

వచ్చి చూస్తే అది ఇంకా పళ్ళెంలోనే ఉంది. వాళ్ళు టీ ఎవరు పోయించాలో తేల్చుకుంటున్నారు.

చేతులు కడుక్కుని దాన్ని తీశాను. అంచు మీద గోధుమరంగు మరక. మామిడి సొన. కోతల రోజుల్లో ఆ దళారి చేతుల నిండా అదే ఉంటుంది. సొన తగిలిన చోట చర్మం కాలి పుండవుతుంది, అది మామిడి ముట్టుకునే ప్రతివాళ్ళకీ తెలుసు. ఆపరేషన్‌లో రొమ్ము తీసేసిన చోట ఆవిడ పెట్టుకోవాల్సిన దాని మీద అది అంటింది. తడి గుడ్డతో తుడిచాను, పూర్తిగా పోలేదు.

“టేపు వేసి ఇచ్చెయ్యమ్మా,” అన్నారు ఓనరు గారు. “మనం చూశామని మాత్రం అనకు. తెలిస్తే బాధపడుద్ది, పాపం.”

ఆ ‘పాపం’ నాకు దళారి నవ్వుకన్నా రోతగా వినిపించింది.

టేపు వేయలేదు. విప్పిన డబ్బా విప్పినట్టే చీర చెంగులో పెట్టుకుని సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. పెరట్లో మినప్పప్పు కడుగుతోంది. డబ్బా చూడగానే చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. జరిగింది జరిగినట్టు చెప్పాను, సొన సంగతితో సహా. సొన సంగతి దాస్తే రేపు ఒళ్ళు కాలుతుంది కదా.

“ఎవరెవరు చూశారక్కా?”

“వాళ్ళిద్దరూ. ఒక లారీ డ్రైవరు. నేను.”

పప్పు నీళ్ళు వంచింది. మళ్ళీ నీళ్ళు పోసింది. ఆ పప్పు అప్పటికే శుభ్రంగా ఉంది.

“మా అత్తకి కూడా తెలీదక్కా. ఆయనకీ నాకూ, మా అక్కకీ తెలుసంతే,” అంది. “పొద్దున్నే వస్తారుగా వాళ్ళు. ఇడ్లీ పెడుతుంటే నా మొహం చూస్తారా? ఎక్కడ చూస్తారో నాకు తెలీదా?”

ఆవిడకి బండి తప్ప ఇంకో ఆధారం లేదు. ఆటో మీద వచ్చేది ఆటో వాయిదాకే సరిపోతుంది. ఆ కాటా ముందు నిలబడి మళ్ళీ గరిట పట్టుకోగలదా లేదా అన్నదే ఆవిడ ప్రశ్న, ఇంకేమీ కాదు. భర్త వచ్చి విని, ఆటోలో ఉన్న ఇనుప రాడ్డు తీశాడు. ఆవిడ అతని చొక్కా పట్టుకుని ఆపింది.

“నువ్వెళ్ళి కొడితే ఎందుకు కొట్టావని ఊరంతా అడుగుద్ది. అప్పుడేం చెప్తావ్?” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “ఇది నేరమో కాదో కనుక్కోక్కా. నేరమైతే నేనే అడుగుతా.”

కోర్టు దగ్గర ఒక లాయరు గారున్నారు. మా కాటా లైసెన్సు కాగితాలు ఆయనే చూస్తారు, అందుకని పరిచయం. పేర్లు చెప్పకుండా, ఫలానా చోట ఇలా జరిగిందని చెప్పాను.

“పోస్టా, కొరియరా?”

“కొరియరండి.”

“పోస్టయితే, వాళ్ళ సిబ్బంది విప్పితే వాళ్ళ శాఖని అడగొచ్చు. కొరియరు కంపెనీ మీద వినియోగదారుల ఫోరంలో వేయొచ్చు, మనిషికి ఇవ్వకుండా ఎక్కడో పడేశాడని. మీరడిగేది విప్పినవాడి సంగతి కదా. దొంగిలించాడా?”

“లేదండి.”

“దాచుకున్నాడా?”

“లేదండి. తిరిగి ఇచ్చేశారు.”

“దురుద్దేశంతో మూసినదాన్ని పగలగొడితే దానికో సెక్షనుంది. ఈయన ఉద్దేశమేంటి?”

“టీ అండి.”

ఆయనకి నవ్వొచ్చింది. వెంటనే ఆపుకున్నారు. “ఏమనుకోకండి. వస్తువేమైనా పాడైందా? నష్టం ఎంతని రాయమంటారు?”

మరక పడిందని చెప్పాను. మరక ఖరీదెంత అని ఆయన అడగలేదు గానీ, నా బుర్ర నా ప్రమేయం లేకుండానే లెక్క మొదలుపెట్టింది. తెప్పించింది వచ్చింది, వచ్చింది చేరింది, తేడా సున్నా. నా జీవితమంతా తేడాలు రాసిన దాన్ని. ఏమీ తగ్గకుండా ఇంత పోవడం ఎలా జరిగిందో, దాన్ని ఏ గడిలో వేయాలో తెలియలేదు.

అప్పుడు ఆ వస్తువు ఏమిటో చెప్పాల్సి వచ్చింది. ఆయన మొహం మారింది.

“అది ముందు చెప్పాలి కదమ్మా. ఆడమనిషి గోప్యతలో చొరబడి అవమానించినందుకు సెక్షనుంది. కేసు నిలబడుద్ది. కాకపోతే...”

“కాకపోతే ఏంటండి?”

“ఆవిడ స్టేషనుకొచ్చి చెప్పాలి, రాసుకుంటారు. వస్తువు స్వాధీనం చేసుకుంటారు. అదేంటో, ఎలా ఉందో కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తారు. తర్వాత కోర్టులో చూపించాలి.”

“ఎప్పటిదాకా ఉంచుకుంటారండి?”

“తేలేదాకా. మధ్యలో అర్జీ పెట్టి తెచ్చుకోవచ్చనుకోండి, దానికి మళ్ళీ తిరగాలి.”

“అది ఆవిడ రోజూ పెట్టుకోవాల్సిందండి.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “తెలుసమ్మా. అందుకే కాకపోతే అన్నాను.”

తిరిగి వస్తూ నడక పొడుగునా కూడుతూనే ఉన్నాను. ఇప్పటిదాకా చూసినవాళ్ళు నలుగురు. స్టేషనులో రాసేవాళ్ళు, సాక్షులు, కోర్టు గుమాస్తా, అవతలి లాయరు. ఆవిడ కోరింది చూసినవాళ్ళు తగ్గాలని. చట్టం ఇవ్వగలిగింది ఇంకొందరిని కలపడం. నేరమే అన్న మాట నిజమే, కానీ ఆ మాట చేతిలో పెట్టుకుని ఆవిడ ఇంటి గడప ఎక్కడం నాకు కష్టమైంది. తప్పు చేసినవాళ్ళు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, తప్పు జరిగిన మనిషి తన ఒంటిని వాక్యాలుగా రాయించాలి. ఆ పద్ధతి మీద కూడా నాకు రోతే పుట్టింది.

అంతా చెప్పాను. ఆవిడ నిదానంగా విన్నది. “నేరమే అన్నారుగా,” అంది. “సరే, చాలు.” కేసు వద్దంది.

బండి తీయలేదు. మర్నాడు పొద్దున ఓనరు గారూ దళారీ వచ్చి, తాళం వేసిన బండి చుట్టూ తిరిగి, పక్క హోటలుకి వెళ్ళారు. ఆ మర్నాడు కూడా అంతే. మూడో నాడో నాలుగో నాడో ఓనరు గారు నన్ను పిలిచారు.

“నువ్వు చెప్పేశావు కదూ?”

“చెప్పానండి.”

“ఏం సాధించావు? దాని పొట్ట కొట్టావు. పోనీలే, రమ్మను. మేమేం అనుకోం, ఎవరికీ చెప్పం. ఇంత చిన్నదానికి బండి కట్టేసుకుంటే ఎట్లా? ఆ హోటలోడి ఇడ్లీ గడ్డపలుగుతో తవ్వాల్సొస్తోంది.”

ఆవిడని ఆయన క్షమిస్తున్నారు. ఆ మాట ఆయన మంచి మనసుతోనే అన్నారు, అదే నాకు మింగుడు పడలేదు. చెడ్డ మనసుతో అని ఉంటే ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

ఆ రోజే కొరియరబ్బాయితో, ఇక మీద ఎవరి పార్సిలూ గదిలో పెట్టవద్దన్నాను. “మరి నేనెక్కడ ఇవ్వనక్కా?” అన్నాడు. మనిషి చేతికి ఇవ్వమన్నాను. సందులో ఆడవాళ్ళు నా మీద కోప్పడ్డారు. ఇన్నాళ్ళూ హాయిగా ఉండేది, ఇప్పుడు ఫోను పట్టుకుని రోడ్డు మీదకి పరుగెత్తాల్సి వస్తోంది, నీ సొమ్మేం పోయింది అన్నారు. కారణం చెప్పే వీలు లేదు. తిట్లు తిన్నాను. ఓనరు గారు మాత్రం పని మానేయమనలేదు. లెక్కలు నాకన్నా నమ్మకంగా చేసేవాళ్ళు ఆయనకి దొరకరని ఆయనకీ తెలుసు, జీతం ఇంకెక్కడా దొరకదని నాకూ తెలుసు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కొన్ని వారాలకి ఆవిడ బండి కోర్టు వైపు రోడ్డులో పెట్టింది. కొత్త చోటు, తెలియని మొహాలు. బేరం మొదట్లో పల్చగా ఉన్నా, గుమాస్తాలూ కక్షిదారులూ అలవాటు పడ్డారు. డబ్బాలో వచ్చినదాన్ని ఎన్నిసార్లు కడిగినా సొన వాసన పోలేదని, దాన్ని పక్కన పడేసి పాత చొక్కాతోనే వస్తున్నానని చెప్పింది. ఇంకోటి తెప్పించుకోవాలంటే మళ్ళీ ఎక్కడికి తెప్పించుకోవాలో తేల్చుకోలేదు. మా ఇంటికి తెప్పిస్తానన్నాను. చూద్దాంలే అంది.

ఒకరోజు సెలవు పెట్టి ఆవిడ బండి దగ్గర తింటున్నాను. దళారి స్కూటరు వచ్చి ఆగింది. ఏదో తోట తగాదా మీద కోర్టుకి వచ్చాడట. ఆవిడని చూసి, పోయిన గొడుగు దొరికినంత సంతోషంగా దిగాడు.

“ఇక్కడ పెట్టావా! మాకో మాట చెప్పకూడదూ? రెండు ప్లేట్లు పెట్టు. కారప్పొడి దండిగా వెయ్యి.”

ఆవిడ వంచిన తల ఎత్తి చూసింది. “లేవండి,” అంది.

“అదేంటి, గిన్నె నిండా ఉన్నాయిగా.”

“ఉన్నాయండి. మీకు లేవు.”

తింటున్న ఇద్దరు ముగ్గురు చేతులు ఆపి చూశారు. దళారి నవ్వి, వాళ్ళు కూడా నవ్వుతారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు గొంతు తగ్గించాడు, గొంతుతో పాటు చూపు కూడా దించాడు, ఆవిడ చొక్కా మీదకి.

“పొగరు బాగానే ఉందే. నీ సంగతి నాకు తెలుసని మర్చిపోయావా?”

ఆవిడ చొక్కా సర్దుకోలేదు, పైట లాక్కోలేదు.

“మర్చిపోలేదు. తెలుసు కాబట్టే లేవంటున్నా,” అంది, పక్కవాళ్ళకి వినపడేట్టుగానే. “తెలిసింది ఇక్కడ చెప్తారా? చెప్పండి. మీకెట్లా తెలిసిందో కూడా చెప్పాలి మరి. లాయర్లంతా ఇక్కడే తింటారు.”

దళారి స్కూటరు తిప్పాడు. ఎవరో సాంబారు అడిగారు. ఆవిడ పోసింది. రెండు చుక్కలు బల్ల మీద పడ్డాయి. గుడ్డతో తుడిచేసి, “ఇంకో రెండు పెట్టనా అక్కా?” అని నన్ను అడిగింది.